బ్రాడ్లా ప్రమాణ వివాదం: అవకాశవాదమా, ఓటర్ల పట్ల బాధ్యతా?

చర్చకు పెట్టిన ప్రశ్న:
1880 ఏప్రిల్‌లో నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ కామన్స్ సభకు లిబరల్ పార్టీ తరఫున ఎన్నికైన చార్లెస్ బ్రాడ్లా పేరుమోసిన నాస్తికుడు. దేవుడి పేర చేసే ప్రమాణం తనకు స్పష్టమైన అర్థమివ్వని మాటలని పత్రికలకిచ్చిన లేఖలో ప్రకటించి, ఆ వెంటనే అదే ప్రమాణానికి సిద్ధపడ్డాడు. సీటు కోసం సిద్ధాంతాన్ని పక్కన పెట్టిన మనిషిని హేతువాదులు ఆదర్శంగా చూపడం సబబేనా?

మొదటి సమాధానం:
మీరు చెప్పినది నిజమే కానీ, దానికి ముందు జరిగినదాన్ని వదిలేశారు. మే 3న బ్రాడ్లా మొట్టమొదట కోరింది దేవుడి ప్రస్తావన లేని ధ్రువీకరణకు అనుమతి. దేవుడిని నమ్మనివారు కోర్టుల్లో ధ్రువీకరించి సాక్ష్యం చెప్పవచ్చని 1869, 1870 చట్టాలు ఒప్పుకున్నాయి కనుక ఆ హక్కు సభలోనూ వర్తిస్తుందన్నది ఆయన వాదన. సభ వేసిన విచారణ సంఘంలో ఓట్లు సమానంగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో ఆ విన్నపం వీగిపోయింది. సరే, ప్రమాణమే చేస్తానంటే, నమ్మకం లేనివాడు ఎలా చేస్తాడని అడ్డుపడ్డారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. వెళ్లిపొమ్మన్నా వెళ్లనందుకు జూన్ 23న పార్లమెంటు భవనపు గడియార గోపురంలో నిర్బంధించారు. జూలైలో సభ మెత్తబడి, చట్టరీత్యా ఏం జరిగినా బ్రాడ్లాదే పూచీ అన్న షరతు మీద ధ్రువీకరణకు ఒప్పుకుంది. 1881 మార్చిలో కోర్టు అది చెల్లదనడంతో సీటు పోయింది. ఉపఎన్నికలో మళ్లీ గెలిచి వచ్చినా, ఆగస్టు 3న పోలీసులూ సభ సిబ్బందీ కలిసి కోటు చిరిగేలా ఈడ్చి బయట పడేశారు.

సభ్యుడి మనసులో దేవుడున్నాడో లేడో సోదా చేసే అధికారం సభకు ఎవరిచ్చారు? 1886 జనవరిలో కొత్త సభాపతి ఆర్థర్ పీల్, ప్రమాణానికి వచ్చిన సభ్యుడిని ఆపే హక్కు ఎవరికీ లేదని తేల్చాకే వివాదం ముగిసింది. దైవసాక్షిగానో, ఆ మాట లేకుండానో పదవి స్వీకరించే వెసులుబాటు మన రాజ్యాంగం మూడో షెడ్యూలులోనే ఉంది కనుక మనకిది చిన్న విషయంగా తోస్తుంది.

రెండో సమాధానం:
కాలక్రమాన్ని ఒప్పుకుంటాను. అయినా ఆ లేఖను అచ్చు వేయించడం ప్రత్యర్థులకు ఆయుధం అందించడమే. 1882 ఫిబ్రవరిలో జేబులోంచి బైబిలు కొత్త నిబంధన ప్రతి తీసి, తనకు తానే ప్రమాణం చేయించుకోవడం మరీ విడ్డూరం. 1883లో ప్రభుత్వం తెచ్చిన ధ్రువీకరణ బిల్లు 289కి 292 ఓట్లతో, అంటే మూడే ఓట్ల తేడాతో ఓడిపోవడానికి ఇలాంటి చేష్టలు కొంతైనా కారణం కావా?

మొదటి సమాధానం రాసినవారు:
కావచ్చు. అయితే ప్రతిపక్ష కన్సర్వేటివ్ నాయకుడు లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ వంటివారికి ఇది లిబరల్ ప్రధాని గ్లాడ్‌స్టన్‌ను ఇరుకున పెట్టే అదను కూడా. బ్రాడ్లా ఎంత మర్యాదగా నడుచుకున్నా వారు వదిలేవారని నేననుకోను. ఇక లేఖ సంగతి: ప్రమాణం చేస్తే దానికి కట్టుబడి ఉంటానని కూడా అందులోనే రాశాడు. కేవలం సీటే కావాలనుకున్నవాడు లోపలికి వచ్చాక ఊరుకునేవాడు. ఈయన 1888లో ప్రమాణాల చట్టం చేయించి, పార్లమెంటులోనూ కోర్టుల్లోనూ ధ్రువీకరణ హక్కును తన తర్వాతివారికి సంపాదించిపెట్టాడు. పైగా 1881, 1882, 1884 ఉపఎన్నికల్లోనూ 1885 సాధారణ ఎన్నికల్లోనూ, లేఖ సంగతి బాగా తెలిసిన నార్తాంప్టన్ ఓటర్లే, చెప్పుల పనివారు ఎక్కువగా ఉన్న ఆ ఊరివారే, ఆయనను మళ్లీ మళ్లీ గెలిపించారు. తమ ప్రతినిధి తమను మోసగించాడని వారు అనుకోలేదు.