మనష్షేను దేవుడు క్షమించాడా, లేదా? రాజులు ఒక మాట, దినవృత్తాంతాలు ఇంకో మాట

ఆదివారం బడి

అందరికీ వందనాలు. మా సంఘంలో పదేళ్ల పిల్లలకు ఆదివారం బడి చెప్తాను. ఈ నెల యూదా రాజుల పాఠాలు. హిజ్కియా అయిపోయాడు, వాళ్ల అబ్బాయి మనష్షే దగ్గర ఆగిపోయాను.

మా పాఠం బైబిల్లోని దినవృత్తాంతములు రెండవ గ్రంథం 33వ అధ్యాయం. 12 ఏళ్లకే రాజయ్యాడు. దేవుని మందిరంలోనే విగ్రహం నిలబెట్టాడు, బెన్‌హిన్నోము లోయలో కన్నబిడ్డలను అగ్నిలో దాటించాడు. అష్షూరు సేనాధిపతులు వచ్చి గొలుసులు వేసి బబులోనుకు ఈడ్చుకుపోయారు. ఆ శ్రమలో తన్ను తాను బాగా తగ్గించుకుని మొరపెట్టాడు. దేవుడు ఆలకించి యెరూషలేముకు తిరిగి తెచ్చాడు, రాజ్యం చేతిలో పెట్టాడు. పిల్లలకు చెప్పడానికి ఎంతో బాగుంటుంది.

అయితే ఒక పాప ఇంట్లో నాయనమ్మ దగ్గర కూర్చుని రాజులు రెండవ గ్రంథం చదువుకుని వచ్చింది. అక్కడ 24వ అధ్యాయం 4వ వచనంలో, మనష్షే చిందించిన నిరపరాధుల రక్తాన్ని క్షమించడానికి యెహోవాకు మనసు లేకపోయిందని ఉంది. "మరి క్షమించాడా లేదా టీచర్?" అంది. వచ్చే వారం చెప్తానమ్మా అన్నాను. ఇంటికొచ్చి చూస్తే రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో బబులోను లేదు, గొలుసులు లేవు, మారుమనస్సు లేదు. చనిపోయాడు, ఉజ్జా తోటలో పాతిపెట్టారు, అంతే. మీరైతే ఆ పాపకు ఏం చెప్తారు?

వాక్యమే దీపం

సిస్టర్, వందనాలు. క్షమించాడు, అందులో అనుమానం అక్కర్లేదు. దుష్టుడు తన పాపాలు విడిచి తిరిగితే అతను చేసిన అపరాధాల్లో ఒక్కటీ జ్ఞాపకానికి రాదని యెహెజ్కేలు 18లో ప్రభువే అన్నాడు. దుష్టుడు చస్తే నాకేమైనా సంతోషమా అని కూడా అక్కడే అడుగుతాడు.

రాజులు 24 మాట్లాడేది యూదా దేశం మీదికి వచ్చిన తీర్పు గురించి, మనష్షే ఆత్మ గురించి కాదు. దావీదును చూడండి. నాతాను ప్రవక్త వచ్చి, యెహోవా నీ పాపాన్ని పరిహరించాడు, నువ్వు చావవు అన్నాడు. ఆ వెంటనే, నీకు పుట్టిన బిడ్డ చనిపోతాడు అన్నాడు. ఒకే నోటితో, ఒకే రోజు. క్షమాపణ వచ్చింది, ఫలితం ఆగలేదు. అహాబు అంతటి దుష్టరాజు గోనెపట్ట కట్టుకుని ఉపవాసముంటేనే, ఈ కీడు ఇతని రోజుల్లో కాక కొడుకు రోజుల్లో రప్పిస్తానన్నాడు. మనష్షే విషయంలోనూ జరిగింది అదే. పాపకు ధైర్యంగా చెప్పండి, మనష్షే వంటివాడినే క్షమించిన దేవుడు ఎవరినైనా క్షమిస్తాడని.

మట్టిపలకలు

నేను ప్రాచీన చరిత్ర చదువుకున్నవాణ్ణి, ఆ వైపు నుంచి రెండు మాటలు.

మనష్షే పేరు బైబిలు బయట కూడా ఉంది. అష్షూరు రాజు ఏసర్హద్దోను తన రాజధాని నీనెవెలో రాజభవనం కట్టిస్తూ, కలపా రాయీ మోయించిన 22 మంది సామంత రాజుల పేర్లు రాయించాడు. అందులో యూదా రాజు మనష్షే ఒకడు. ఏసర్హద్దోను కొడుకు అషూర్బనిపాల్ శాసనంలోనూ కప్పం కట్టినవాళ్ల జాబితాలో కనిపిస్తాడు. రెండు చోట్లా చెప్పినట్టు వినే సామంతుడే. గొలుసులు వేసి తీసుకెళ్లారన్న మాట ఇంతవరకు దొరికిన శాసనాల్లో లేదు. అంతమాత్రాన జరగలేదని నేననను. ఐగుప్తులో నెకో అనే పాలకుణ్ణి అషూర్బనిపాల్ బంధించి తెప్పించి, మళ్లీ కానుకలిచ్చి సాయిస్ నగరానికి పంపి పదవిలో కూర్చోబెట్టాడు. అష్షూరు రాజులకు ఆ పద్ధతి ఉంది. నీనెవెకు కాకుండా బబులోనుకు ఎందుకు తీసుకెళ్లారని అడిగేవాళ్లకు, క్రీ.పూ. 652 నుంచి 648 వరకు అక్కడ అషూర్బనిపాల్ సొంత అన్న తిరగబడి యుద్ధం నడిపాడని, ఆ గొడవలో మనష్షే మీద అనుమానం పడి ఉండొచ్చని కొందరు పండితులు చెబుతారు.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది వేరు. ఈ రెండు గ్రంథాలు అడుగుతున్న ప్రశ్నలే వేరు. రాజుల గ్రంథం ముగిసేసరికి మందిరం కాలిపోయింది, జనం చెరలో ఉన్నారు. ఎందుకిలా అయ్యామన్నది వాళ్ల ప్రశ్న, అందుకు దొరికిన పేరు మనష్షే. పళ్లెం తుడిచి బోర్లించినట్టు యెరూషలేమును తుడిచేస్తానన్న మాట అతని అధ్యాయంలోనే ఉంది. దినవృత్తాంతాలు రాసినవారు చెర తర్వాత తిరిగొచ్చిన తరం వాళ్లు. ఇంత చెడ్డవాడు 55 ఏళ్లు ఎలా ఏలాడన్నది వీళ్ల ప్రశ్న. దావీదు వంశంలో అంతకాలం ఏలినవాడు ఇంకొకడు లేడు. దానికి జవాబుగా ఆ పశ్చాత్తాపం వచ్చిందని నా అభిప్రాయం. ఈ రెండు గ్రంథాల మధ్య పొసగని వివరం కూడా ఒకటుంది. మనష్షే బలిపీఠాలన్నీ పీకి పట్టణం బయట పారేశాడని దినవృత్తాంతాలు అంటే, మందిరపు రెండు ఆవరణాల్లో మనష్షే కట్టించిన బలిపీఠాలను మనవడు యోషీయా వచ్చి పడగొట్టాడని రాజులు అంటుంది.

రూతు పొలం

అన్నలిద్దరూ ఆ నిరపరాధుల రక్తం దగ్గర నిలబడకుండా దాటిపోయారు. నేను అక్కడే నిలబడతాను.

33వ అధ్యాయం 14 నుంచి 16 వచనాలు నిదానంగా చదవండి. తిరిగొచ్చిన మనష్షే ఏమేం చేశాడు? ప్రాకారం కట్టించాడు. విగ్రహం తీసేశాడు. బలిపీఠం బాగు చేయించి సమాధాన బలులు, కృతజ్ఞతార్పణలు అర్పించాడు. అన్నీ దేవుడి వైపు చేసినవే. యెరూషలేమును ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరి రక్తంతో నింపాడో, ఆ ఇళ్ల వైపు ఒక్క అడుగు వేసినట్టు లేదు. రక్తం దేశాన్ని అపవిత్రపరుస్తుందని, దాన్ని చిందించినవాడి రక్తంతో తప్ప ప్రాయశ్చిత్తం కలగదని సంఖ్యాకాండం 35లో ఉంది. రాజులు 24:4 కఠినంగా ఉందని మనం ఇబ్బంది పడుతున్నాం గానీ, ఆ చచ్చినవాళ్ల తరపున బైబిల్లో మాట్లాడిన వచనం అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఎందుకింత పట్టుగా చెప్తున్నానో కూడా చెప్పేస్తాను. మా నాన్న వాటా పొలం మా దగ్గరి బంధువు ఒకాయన దొంగ కాగితాలతో తన పేరున రాయించుకున్నాడు. నాన్న ఆ బెంగతోనే మంచం పట్టి పోయారు. కొన్నేళ్లకు ఆయన రక్షణ పొంది, మా ఊరి కూటాల్లో సాక్ష్యం చెప్పాడు. నా పాపాలన్నీ ప్రభువు కడిగేశాడు అని ఏడ్చాడు. జనమంతా హల్లెలూయ అన్నారు. మూడో వరసలో నేనూ అమ్మా కూర్చుని ఉన్నాం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వేదిక దిగి మా ముందు నుంచే నడిచి వెళ్లాడు. ఆ పొలం ఇవాళ్టికీ ఆయన పేరునే ఉంది.

పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు ప్రభువుతో ఏమన్నాడు? అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రభువు అన్నది ఆ మాట విన్న తర్వాతే.

వాక్యమే దీపం

అక్కా, మీ అమ్మగారికి జరిగింది చదివి చాలా బాధ కలిగింది. ఆయన వేదిక దిగాక మీ ముందు ఆగి ఉండాల్సింది. అందులో నాకు రెండో మాట లేదు.

అయినా నా భయం ఒకటుంది. తిరిగి ఇచ్చుకుంటేనే క్షమాపణ అన్నామంటే కృప ఎక్కడుంది? ప్రభువు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ ఎవరికి ఏం తిరిగిచ్చాడు? నేడు నాతో కూడా పరదైసులో ఉంటావని మాట పొందాడు. పైగా పొలం తిరిగి ఇవ్వొచ్చు, ప్రాణం ఎలా ఇస్తాం? మనష్షే యెషయా ప్రవక్తను రంపంతో కోయించాడని యూదుల పారంపర్యం చెబుతుంది. అదే నిజమైతే ఆ మనిషిని ఎక్కడినుంచి తెచ్చివ్వగలడు? తన సైనికుడు ఊరియాను చంపించిన దావీదు కూడా 51వ కీర్తనలో, నీకే కేవలం నీకే విరోధంగా పాపం చేశాను అన్నాడు.

రూతు పొలం

తమ్ముడూ, దొంగ చేతులకు మేకులు దిగి ఉన్నాయి. మనష్షే చేతికి రాజ్యం తిరిగొచ్చింది.

51వ కీర్తనలోని ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఊరియా గుర్తొస్తాడు. అదే కీర్తనలో కాస్త కింద, రక్తాపరాధం నుంచి నన్ను విడిపించు అని కూడా ఉంది కదా. దావీదు దాన్ని మరిచిపోలేదు. మన బోధల్లో ఆ వచనం ఎంత తక్కువ వినిపిస్తుందో గమనించండి. ప్రాణం తెచ్చివ్వలేడు, ఒప్పుకుంటాను. ఆ తల్లుల ముందు తల వంచుకుని నిలబడగలడు కదా.

మట్టిపలకలు

ఈ తగువు చాలా పాతది. యూదు రబ్బీల, అంటే వాళ్ల ధర్మబోధకుల, మాటలు కూర్చిన మిష్నా అనే పాత గ్రంథంలో, సన్హెద్రిన్ అనే భాగంలో, రాబోయే లోకంలో పాలు, అంటే వాటా, లేని రాజులు ముగ్గురని ఉంటుంది. యెరొబాము, అహాబు, మనష్షే. రబ్బీ యెహూదా లేచి, మనష్షేకు పాలుంది, దేవుడు అతని మొర విని రాజ్యానికి తిరిగి తెచ్చాడని రాసి ఉంది కదా అంటాడు. మిగిలినవాళ్లు ఇచ్చిన జవాబు, రాజ్యానికి తిరిగి తెచ్చాడు గానీ రాబోయే లోకపు జీవానికి కాదని. తర్వాత మిష్నా మీద చర్చలు కూర్చిన తాల్మూదులో రబ్బీ యోహానాను, మనష్షేకు పాలు లేదనేవాడు పశ్చాత్తాపపడేవాళ్ల చేతులు బలహీనపరుస్తున్నాడని అంటాడు. దీపం బ్రదర్ భయం సరిగ్గా అదే.

అక్కడే ఇంకో మాట ఉంది, నేను ఎప్పుడూ మరిచిపోలేను. న్యాయం ఒప్పుకోదు కాబట్టి, మనష్షేను చేర్చుకోవడానికి దేవుడు ఆకాశంలో సొరంగంలాంటి దారి తవ్వాడట. న్యాయం మాట తప్పని ఆ రబ్బీలు అనలేదు, దాన్ని తోసేసి మనష్షేను వాకిట్లోంచి తెచ్చారని కూడా అనలేదు. రూతక్క అడిగేది ఆ న్యాయం అడిగేదే.

మనష్షే ప్రార్థన అని 15 వచనాల చిన్న గ్రంథం కూడా ఒకటుంది. గ్రీకు ఆర్థడాక్సు సంఘం వాడుతుంది, మన తెలుగు ప్రొటెస్టెంటు బైబిళ్లలో ఉండదు. దినవృత్తాంతాలు చెప్పిన ఆ మొర ఇదేనన్నట్టు చాలా తర్వాతి కాలంలో ఎవరో భక్తుడు రాసింది. సముద్రపు ఇసుక రేణువుల కంటే నా పాపాలు ఎక్కువ, ఇప్పుడు నా హృదయపు మోకాలు వంచుతున్నాను అంటాడు అందులో. చదివితే గుండె కరుగుతుంది. అక్కా, మీ మాట చదివాక దాన్ని మళ్లీ తీసి చూశాను. హేయమైనవి నిలబెట్టానని ఒప్పుకున్నాడు గానీ, చంపినవాళ్ల ప్రస్తావన అందులోనూ లేదు.

ఆదివారం బడి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పాఠం అయింది, ఏం చేశానో చెప్తాను.

జవాబు నేను చెప్పలేదు. రెండు అధ్యాయాలూ పిల్లలచేతే పైకి చదివించాను. తర్వాత బోర్డు మీద వంశవృక్షం గీశాను. మనష్షే, కొడుకు ఆమోను, మనవడు యోషీయా, మునిమనవలు యెహోయాకీము, సిద్కియా, ఆ తర్వాత యెహోయాకీను. నిర్గమకాండం 34లో, వేయి తరాల వరకు కృప చూపి దోషాన్ని క్షమించే దేవుడే మూడు నాలుగు తరాల వరకు శిక్ష రప్పిస్తాడని ఉంది కదా. ఆమోను నుంచి వేలు పెట్టి లెక్కపెడితే మందిరం కాలింది సిద్కియా ఉన్న మూడో తరంలో, బబులోనుకు పోయిన యెహోయాకీనుది నాలుగో తరం. ఆ గీత గీసేదాకా నాకే తట్టలేదు. ఒక్క వచనంలో రెండూ ఉన్నాయి, రాజులు రాసినాయన ఒక సగం పట్టుకున్నాడు, దినవృత్తాంతాలు రాసినాయన ఇంకో సగం పట్టుకున్నాడు.

రూతు అక్కా, మీ మాట కూడా మీ సంగతి బయటపెట్టకుండా చెప్పాను. తిరిగొచ్చాక మనష్షే ఇంకేం చేసి ఉండాల్సింది అని అడిగాను. ఒకబ్బాయి, చచ్చిపోయినవాళ్ల పేర్లు ఆ కొత్త గోడ మీద రాయించాల్సింది అన్నాడు. మా పాప మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ముందుకు చదువుకుంటూ పోయిందట. యోషీయా పూర్ణహృదయంతో దేవుడి వైపు తిరిగాడు, అతని వంటి రాజు ముందూ లేడు వెనకా లేడు, అయినా 39 ఏళ్లకే మెగిద్దోలో చంపేశారు, ఎందుకు టీచర్ అంటోంది. రాజులు రెండవ గ్రంథం 23వ అధ్యాయం 25, 26 వచనాలు. వచ్చే ఆదివారం పాఠం అదే. ఆ రెండు వచనాల మధ్య ఏముందో ఎవరికైనా తెలిస్తే శనివారం లోపు రాయండి.