జీడీపీలో 5 శాతం ఆయుధాలకా? యూరప్ రక్షణ ఖర్చు మీద చర్చ

లెక్కల మాస్టారు:
2025 జూన్‌లో హేగ్‌లో నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) దేశాలు ఒక మాట ఇచ్చాయి. 2035 కల్లా ప్రతి దేశం తన జీడీపీలో 5 శాతం రక్షణకి పెట్టాలని. అందులో 3.5 శాతం సైన్యానికి, ఆయుధాలకి. మిగతా 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటివాటికి. అంతకుముందు 2014లో, ఉక్రెయిన్‌లోని క్రిమియాని రష్యా కలిపేసుకున్న ఏడాదే, వేల్స్‌లో కూర్చుని 2 శాతం అన్నారు. అప్పటికి ఆ గీత మీద ఉన్నవి మూడే దేశాలు: అమెరికా, బ్రిటన్, గ్రీస్. (గ్రీస్ ఖర్చు పెట్టేది పక్కనున్న టర్కీని చూసి. ఆ టర్కీ కూడా నాటో దేశమే. అదో వింత.) 2022లో ఉక్రెయిన్ మీద పూర్తిస్థాయి దాడి మొదలయ్యాక గానీ మిగతావాళ్లలో కదలిక రాలేదు. 2024లో నాటో వేసిన అంచనా ప్రకారం 32లో 23 దేశాలు 2 శాతానికి చేరాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఖర్చు పెంచాల్సిందే, ఎనిమిదేళ్లు ఆలస్యంగా మేలుకున్నారు. కానీ ఈ శాతాల లెక్క నాయకులు పత్రికల వాళ్లకి చెప్పుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఫ్యాక్టరీ గేటు దాటి ఏటా ఎన్ని ఫిరంగి గుండ్లు బయటికొస్తున్నాయి? నేనైతే అదే అడుగుతా. ఒప్పుకోనివాళ్లు రండి.

ఎర్రమట్టి:
మాస్టారూ, గుండ్లు లెక్కపెట్టే ముందు జేబులెవరివో సూడున్రి. యుద్ధానికి ముందు 100 యూరోల దగ్గరున్న జర్మనీ ఆయుధాల కంపెనీ రైన్‌మెటల్ షేరు 2025ల 1500 దాటింది. గదే ఏడాది ఫిబ్రవరిల బ్రిటన్ ప్రధాని స్టార్మర్ రక్షణ ఖర్చు 2.5 శాతానికి పెంచుతమని చెప్పి, పైసలు యాడికెళ్లి తెచ్చిండు? పేద దేశాలకిచ్చే సాయాన్ని జాతీయాదాయంల 0.5 శాతం నుంచి 0.3కి కోసిండు. ఆ శాఖ చూసే మంత్రి యానలీస్ డాడ్స్ రాజీనామా చేసి పోయింది. ఆఫ్రికాల టీకాలు ఆగితే పుతిన్ భయపడతడా?

ఇంకో లెక్క. 2024ల నాటో మొత్తం ఖర్చు లక్షన్నర కోట్ల డాలర్లు. రష్యాది 14,900 కోట్లు. పదింతలు మీ దగ్గరుండంగ ఇంకా సాలదంటే నమ్మాల్నా?

కోపెన్‌హాగన్ కోడలు:
ఎవరు కడుతున్నారో నేను చెబుతాను, మా దగ్గర అందరం కట్టాం. డెన్మార్క్‌లో ఈస్టర్ తర్వాత నాలుగో శుక్రవారం ఒక ప్రార్థనా దినం సెలవు ఉండేది. 1686 నుంచీ ఉంది. ముందురోజు గురువారం సాయంత్రం బేకరీల ముందు బారులు తీరి గోధుమ బన్నులు కొనుక్కుంటారు, వేడి చేసి వెన్న రాసుకుని తింటారు. ఆ సెలవుని 2024 నుంచి తీసేశారు. అందరూ ఇంకో రోజు పనిచేస్తే ఏటా దాదాపు 300 కోట్ల క్రోనర్లు వస్తాయి, అవి రక్షణకి వాడతామని ప్రభుత్వం లెక్క చెప్పింది. యూనియన్లు ఒప్పుకోలేదు, చర్చి ఒప్పుకోలేదు, పార్లమెంటు ముందు వేలాదిమంది నిలబడ్డారు. అయినా చట్టం చేసేశారు. నెల జీతాల వాళ్లకి పరిహారంగా 0.45 శాతం కలిపారు.

నాకు ఒళ్లు మండింది సెలవు పోయినందుకు కాదు. 2025 ఫిబ్రవరిలో ఇదే ప్రధాని ఫ్రెడరిక్సన్ రెండేళ్లకి 5000 కోట్ల క్రోనర్ల నిధి ప్రకటించారు. సైన్యాధిపతికి ఆవిడ ఇచ్చిన ఆదేశం మూడు ముక్కలు: కొనండి, కొనండి, కొనండి. ఆ డబ్బుకి ఏ పండగా రద్దు చేయలేదు. మరి 300 కోట్లకి జనంతో అంత గొడవ పెట్టుకోవడం ఎందుకు?

బన్నులు మాత్రం ఇప్పటికీ అమ్ముతున్నారు లెండి.

లెక్కల మాస్టారు:
అమ్మా, మీ డెన్మార్క్ కథలో నాకు కావాల్సిన ముక్క ఇంకొకటుంది. మీవాళ్లు తమకోసం కొన్న ఫ్రెంచ్ సీజర్ ఫిరంగులు 19, కొత్తవి రాకముందే, ఉక్రెయిన్‌కి ఇచ్చేశారు. తర్వాత ఇంకో పని చేశారు. ఇవ్వడానికి తమ దగ్గర సరుకు లేకపోతే, ఉక్రెయిన్ ఫ్యాక్టరీకే డబ్బు కట్టారు. 2024లో 18 బోహ్‌దానా శతఘ్నులు అలా అక్కడే తయారై నేరుగా యుద్ధరంగానికి వెళ్లాయి. పశ్చిమ యూరప్‌లో ఆర్డరు ఇస్తే సరుకు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంకొన్ని దేశాలు దీన్ని డెన్మార్క్ పద్ధతి అని పేరుపెట్టి అనుసరించాయి. జీడీపీలో అదెంత శాతమని ఎవరూ అడగలేదు.

ఎర్రమట్టి గారి పదింతల లెక్కకి వస్తా. ఆ లక్షన్నర కోట్లలో 99,700 కోట్లు అమెరికావి. ఆ డబ్బుతో పసిఫిక్ సముద్రంలో నౌకలు తిప్పాలి, గల్ఫ్‌లో స్థావరాలు నడపాలి. పైగా రష్యా తన సిపాయికి జీతం, ట్యాంకుకి ఉక్కు డాలర్లలో కొనదు. మనకి దగ్గరి ఉదాహరణ చూడండి. 2024లో జర్మనీ రక్షణ ఖర్చు 8850 కోట్ల డాలర్లు, ఇండియాది 8610 కోట్లు. దాదాపు సమానం. మన సైన్యంలో 14 లక్షల మంది, వాళ్ల దగ్గర 1.8 లక్షలు. డాలర్లు చూసి బలం చెప్పగలరా ఎవరైనా?

బవేరియా బాబాయ్:
జర్మనీ పేరొచ్చింది కాబట్టి పదహారేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నవాడిగా నా గోడు.

2022 జనవరిలో సరిహద్దులో లక్షమంది రష్యా సైనికులు నిలబడి ఉంటే మా ప్రభుత్వం ఉక్రెయిన్‌కి పంపుతానన్నది 5000 హెల్మెట్లు. తర్వాత దిండ్లు పంపుతారా అని కీవ్ మేయర్ క్లిచ్కో వెక్కిరించాడు. ఫిబ్రవరి 24న దాడి మొదలైన రోజే మా పదాతిదళాధిపతి, తన సైన్యం దగ్గర దాదాపు ఏమీ లేదని బాహాటంగా రాసుకున్నాడు. మూడు రోజులకి అప్పటి ఛాన్సలర్ షోల్జ్ పార్లమెంటులో లేచి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి అన్నాడు. మూడు రోజులు! ఇక్కడ నా ఇంటి బాల్కనీకి గాజు తలుపు పెట్టుకోడానికి అనుమతి రావడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది.

అసలు నాటకం 2025 మార్చిది. ఎన్నికల్లో ప్రభుత్వ అప్పుల మీద రాజ్యాంగం పెట్టిన పరిమితి జోలికి పోనని చెప్పుకుని, తర్వాత ఛాన్సలర్ అయిన మెర్జ్, గెలిచిన నెల తిరక్కుండానే రాజ్యాంగం మార్చాడు. జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకి ఇక అప్పు పరిమితి వర్తించదు. దానితోపాటు 50,000 కోట్ల యూరోల మౌలిక సదుపాయాల నిధి. అదీ ఎప్పుడు? కొత్త పార్లమెంటు ఇంకో వారంలో కొలువు తీరుతుందనగా, ఓడిపోయిన సభ్యులతో సహా పాత పార్లమెంటుని కూర్చోబెట్టి. ఎందుకంటే కొత్త సభలో తీవ్ర మితవాద ఏఎఫ్‌డీ, లెఫ్ట్ పార్టీ కలిస్తే మూడింట ఒక వంతు దాటుతారు, రాజ్యాంగ సవరణ ఆగిపోతుంది. చట్టప్రకారం తప్పు లేదు. కానీ ఓటేసినవాడికి ఎలా ఉంటుంది? రష్యాని ఆపడానికి చేశామంటున్న పని, ఇక్కడ రష్యాతో మెత్తగా ఉండమనే ఏఎఫ్‌డీకి బోలెడు ఓట్లు తెచ్చిపెడుతోంది.

వంతెనల విషయం కూడా. డ్రెస్డెన్‌లో 2024 సెప్టెంబరులో కరోలా వంతెనలో ఒక భాగం ఒక రాత్రి దానంతటదే నదిలోకి కూలింది. ట్యాంకు తోలినవాడెవడూ లేడు. కాబట్టి ఆ 1.5 శాతం నాకు నచ్చింది.

ఎర్రమట్టి:
గా 1.5 శాతమే అసలు మాయ బాబాయ్. ఇటలీ సిసిలీకి కట్టాలనుకున్న మెస్సీనా వంతెన, 1350 కోట్ల యూరోలది, రక్షణ ఖర్చు కిందికి తెస్తమని ఆలోచన చేసిండ్రు. రష్యాకు సిసిలీ ఎంత దూరం? నాటోల అమెరికా రాయబారే గిసుంటి లెక్కలు సెల్లవన్నడు.

చెరువుగట్టు భీమవరం:
ఆయ్, మీరందరూ యూరప్ డబ్బు గురించి మాట్లాడుతున్నారు గానీండీ, ఈ యుద్ధానికి రొయ్యల రైతులం మేం కూడా కట్టామండీ. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం చేసేసిందా లేదా? అందులో సగం కేవలం రష్యా చమురు కొంటున్నామనే కదండీ. వనామీ రొయ్యకి యాంటీ డంపింగ్ సుంకాలు అప్పటికే వేరే ఉన్నాయి. ఎగుమతిదార్లు కొనుగోలు తగ్గించేసరికి చెరువు దగ్గర రొయ్య రేటు ఢమాలుమంది. మేత వేస్తే నష్టం, పట్టేస్తే నష్టం. అటు చూస్తే యూరప్ వాళ్లు అప్పటికీ రష్యా గ్యాస్‌ని ద్రవంగా మార్చిన ఎల్‌ఎన్‌జీ ఓడల్లో దింపుకుంటూనే ఉన్నారు, పూర్తిగా ఆపడం 2027లోనంట. వాళ్ల చలికాలం వాళ్లకి ముఖ్యం, మా పంట మాకు ముఖ్యం కాదా అండీ?

లెక్కల మాస్టారు:
మీ కోపం న్యాయమే. పశ్చిమ దేశాల రాజకీయమంతా ఇందులోనే ఉంది: తమ ఓటరుకి తగలని చోట వాత పెట్టడం. రష్యా కేంద్ర బ్యాంకు సొమ్ము దాదాపు 30,000 కోట్ల డాలర్లు 2022 నుంచీ స్తంభింపజేసి ఉంచారు. అందులో పెద్ద భాగం బెల్జియంలో షేర్లు, బాండ్లు భద్రపరిచే సంస్థ యూరోక్లియర్ దగ్గరే ఉంది. 2025 డిసెంబరులో దాన్ని ఆధారం చేసుకుని ఉక్రెయిన్‌కి అప్పిద్దామని కూర్చున్నారు. రేపు రష్యా దావా వేస్తే నష్టం మా నెత్తిన పడుతుందని బెల్జియం ప్రధాని డి వేవర్ అడ్డం తిరిగాడు. చివరికి అందరూ కలిసి 9000 కోట్ల యూరోలు బయట అప్పు తెచ్చి ఇస్తామన్నారు. హంగరీ, స్లొవాకియా, చెక్ రిపబ్లిక్ మాకు సంబంధం లేదని పక్కకి తప్పుకున్నాయి.

ఇక గుండ్ల సంగతి. 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ ఏడాదిలో పది లక్షల 155 ఎంఎం గుండ్లు ఇస్తామంది. 2024 మార్చికి చేరినవి సుమారు సగం. డబ్బు లేక కాదు. గుండు లోపల పేలుడు పదార్థం కావాలి, మందుగుండుకి నైట్రోసెల్యులోజ్ కావాలి, అవి చేసే ఫ్యాక్టరీలు శాంతికాలంలో ఒక్కొక్కటీ మూతపడ్డాయి. పదేళ్ల ఆర్డరు చేతిలో ఉంటే తప్ప ఏ కంపెనీ కొత్త లైను వేయదు. రైన్‌మెటల్ ఉంటర్‌ల్యూస్‌లో గుండ్ల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది 2024 ఫిబ్రవరిలో, అంటే యుద్ధం మొదలైన రెండేళ్లకి. తెరిచింది 2025 ఆగస్టులో. ఏడాదికి 3.5 లక్షల గుండ్ల లక్ష్యం అందుకునేది 2027కి. ఈలోగా ఉత్తర కొరియా రష్యాకి లక్షల కొద్దీ గుండ్లు పంపింది. ఉత్తర కొరియా జీడీపీ ఎంతో ఒకసారి చూడండి.

విన్నిత్సా బ్యాచ్:
అన్నా, నేను ఉక్రెయిన్‌లోని విన్నిత్సాలో మెడిసిన్ చదివేవాణ్ణి. 2022లో సిరెట్ సరిహద్దు దాటి రొమేనియా వెళ్లి, ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ చేరాను. జూలై 14న మా ఊరి నడిబొడ్డున క్షిపణులు పడ్డాయి. మేం సరుకులు కొనుక్కునే వైపే. 20 మందికి పైగా చనిపోయారు, నాలుగేళ్ల పాప కూడా. విన్నిత్సా యుద్ధరంగానికి వందల కిలోమీటర్ల దూరం.

ఆయుధ కంపెనీలు బాగుపడుతున్నాయని ఇక్కడ కూర్చుని అనడం తేలిక. 1994లో బుడాపెస్ట్‌లో తమ నేల మీదున్న అణ్వస్త్రాలు వదులుకుంటామని ఉక్రెయిన్ సంతకం పెట్టింది. సరిహద్దులు గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ కూడా అదే కాగితం మీద సంతకం పెట్టాయి. ఆ కాగితం క్షిపణిని ఆపలేదు. గగనతల రక్షణ ఉన్నచోట ఆగింది, లేనిచోట పడింది. ఎర్రమట్టి అన్నా, ఆ పైసలు వద్దని ఆ ఊళ్లో నిలబడి చెప్పు.

ఎర్రమట్టి:
తమ్మీ, నువ్వు సూసింది నేను సూడలే, ఒప్పుకుంట. ఉక్రెయిన్‌కు గగనతల రక్షణ ఇయ్యద్దని నేనెప్పుడన్న అన్ననా? 2020 నుంచి 2024 దాక నాటోల ఉన్న యూరప్ దేశాలు బయట కొన్న ఆయుధాలల్ల 64 శాతం అమెరికావే. హేగ్ మాట ట్రంప్‌ను సల్లబరిసేతందుకు ఇచ్చిన మాట. ఉక్రెయిన్ దాక చేరేది ఎంత, అమెరికా కంపెనీకి పోయేది ఎంత? అది అడిగితే పుతిన్ మనిషినైపోతనా?

నిర్వాహకుడు:
ఎవరూ ఎవరినీ పుతిన్ మనిషి అనలేదు. అలాంటివి ఉంటే తీసేస్తాను. కొనసాగించండి.

బవేరియా బాబాయ్:
ఎర్రమట్టి మాటలో నిజముంది. 2025 సెప్టెంబరులో ఇరవై దాకా రష్యా డ్రోన్లు పోలండ్‌లోకి వచ్చాయి. వాటిలో చాలావరకు నురుగు, ప్లైవుడ్‌తో చేసినవి. వాటిని కూల్చడానికి డచ్ వాళ్ల ఎఫ్-35లు (యుద్ధ విమానాలు) లేచి, లక్షల డాలర్ల క్షిపణులు వదిలాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పోలండ్ అప్పటికే జీడీపీలో 4 శాతం పైన పెడుతోంది, నాటోలో అంత పెట్టేవాళ్లు అరుదు. కానీ చవక డ్రోన్లని చవగ్గా కూల్చే సరంజామా ఉక్రెయిన్ దగ్గర ఉంది, పోలండ్ దగ్గర అప్పటికి లేదు.

స్పెయిన్‌ని కూడా అందరూ తిట్టారు. వాళ్ల ప్రధాని శాంచెజ్, మాకు 2.1 శాతం చాలు, అడిగిన బలగాలు ఇస్తాం కదా అన్నాడు. మాస్టారూ, అది అచ్చం మీ వాదనే.

లెక్కల మాస్టారు:
వాదన నాదే, చెప్పినవాడు వేరు. 2024 నాటో అంచనాల్లో అందరికన్నా తక్కువ, జీడీపీలో 1.3 శాతం లోపు, పెట్టిన దేశం స్పెయిన్. రష్యా సరిహద్దుకి వేల కిలోమీటర్ల అవతల కూర్చుని సామర్థ్యం ముఖ్యం అంటే, ఆ సరిహద్దు మీదే ఉన్న ఎస్టోనియా వాళ్లు నవ్వరా? ముందు గుండ్లు చూపించి, తర్వాత శాతం వద్దనాలి.

కోపెన్‌హాగన్ కోడలు:
మాస్టారూ, గుండ్లు, ఫ్యాక్టరీలు సరే. పేల్చేవాళ్లెవరు? మా దగ్గర 2025 జూలై నుంచి అమ్మాయిలకి కూడా సైన్యంలోకి ఎవరు వెళ్లాలో తేల్చే లాటరీ పెట్టారు. మా ఆడపడుచు కూతురికి పద్ధెనిమిది నిండబోతోంది. ఇంట్లో ఇప్పుడు శాతాల మాట ఎవరూ ఎత్తడం లేదు.

బవేరియా బాబాయ్:
మా పెద్దాడు 2008లో పుట్టాడు, జర్మన్ పాస్‌పోర్టు. 2025 డిసెంబరులో చేసిన చట్టం ప్రకారం ఆ ఏడు నుంచి పుట్టిన మగపిల్లలు సైన్యం పంపే ప్రశ్నపత్రానికి జవాబు ఇచ్చి తీరాలి. చేరడం స్వచ్ఛందమే, నెలకి సుమారు 2600 యూరోల జీతం. 1.8 లక్షల సైన్యాన్ని 2.6 లక్షలు చేయాలని లెక్క. స్వచ్ఛందంగా చాలినంతమంది రాకపోతే పార్లమెంటు ఓటేసి, అవసరమైతే లాటరీ తీసి పిలవచ్చని అదే చట్టంలో ఉంది. ఖర్చు పెంచాలని నేను నాలుగేళ్లుగా వాదిస్తున్నా, ఇప్పటికీ అదే అంటా. వాడు వెళ్తానంటే వెళ్లమంటానా? మా ఆవిడ అడిగింది. ఇంకా జవాబు చెప్పలేదు.

ఎర్రమట్టి:
మీ మెర్జ్‌కు ఓటేసినోళ్లను గూడ ఇదే అడుగున్రి బాబాయ్. 10,000 కోట్లు మూడు రోజులల్ల వచ్చినయ్ గద.