అప్‌డేట్: నాన్నగారికి సాయంత్రం పూట వచ్చే సన్న జ్వరం, కారణం తేలింది

సాయంత్రమయ్యేసరికి 99.5–100.4 జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి, వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. అది టైఫాయిడ్ కాదు, బ్రూసెల్లోసిస్. పశువుల్లో ఈసుడు రోగం అంటామే, అదే మనిషికి అంటింది.

"ఇంట్లో గేదెలున్నాయా, పచ్చిపాలు తాగుతారా?" అని అడిగినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఆ మాట చెప్పాకే ఫిజీషియన్ దారి మార్చారు. ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే దూడ పడిపోయిన) గేదె మాయను నాన్నగారు ఉత్త చేతులతో తీశారు.

ముందు రోజ్ బెంగాల్ టెస్టు (బ్రూసెల్లాకు చేసే తొలి రక్తపరీక్ష), పాజిటివ్ రాగానే ట్యూబ్ అగ్లూటినేషన్ (రక్తంలో ఆ క్రిమికి యాంటీబాడీలు ఎంత ఉన్నాయో కొలిచే పరీక్ష) చేశారు. 1:160 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చి, లక్షణాలు కూడా ఉంటే అనుమానం బలపడుతుంది, ఈయనకు 1:640. బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఇచ్చేటప్పుడు బ్రూసెల్లా అనుమానమని చీటీలో తప్పక రాయించండి. ఈ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, మామూలు గడువుకే తీసేస్తే దొరకకపోవచ్చు. పైగా ల్యాబ్ సిబ్బందికి కూడా అంటుకోగలదు.

మందులు: డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, రిఫాంపిసిన్ రోజుకోసారి, మొత్తం 6 వారాలు. రిఫాంపిసిన్ టీబీ మందు కూడా కాబట్టి ముందే ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్షలతో టీబీ లేదని చూసుకున్నారు. నడుం నొప్పి ఉంది గనక వెన్నెముక ఎం.ఆర్.ఐ. కూడా తీశారు, వెన్నుకు పాకితే కోర్సు ఇంకా పొడిగించాలట. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారొద్దు, మందు వల్లే. డాక్సీ వేసుకున్నాక గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంటైనా పడుకోకూడదు.

థైరాయిడ్, డెంగ్యూ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఒక్క వైడాల్ చూసి టైఫాయిడ్ అనుకోవద్దు, పాత ఇన్ఫెక్షన్‌కీ పాజిటివ్ వస్తుంది. జ్వరం తగ్గినా కోర్సు ఆపలేదు, మధ్యలో ఆపితే తిరగబెట్టే ప్రమాదం ఉంది. కోర్సు పూర్తయింది, జ్వరం లేదు.