సమస్య: తెలుపు పూయ మోము తెల్లబోయె

నిర్వాహకుడు: పెళ్లి ఫొటోల కాలం కదా, ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా, చామనచాయ ముఖానికి వేసే మేకప్ మీదే పూరించండి.

చామంతి:
కంటికింద ముందు కాషాయ మద్దక
లేత రంగు తెచ్చి లేపనముగ
దట్టముగను బూసి దర్పణమ్మును గన
తెలుపు పూయ మోము తెల్లబోయె.

వక్రోక్తి: ధార బాగుంది. ఆరెంజ్ కరెక్టరుకు 'కాషాయం' భలే మాట. కానీ 'బూసి' అన్నాక మళ్లీ 'పూయ' ఏమిటండీ? 'దట్టముగను మెత్తి' అనండి. విషయానికి వంక లేదు. కంటికింద నీలం తిరిగిన నలుపును విరిచేది ఆరెంజే. ఒక్కో కంటికి బియ్యపుగింజంత చాలు, నలుపున్న మేరకే ఉంగరపు వేలితో అద్దాలి. పైన వేసే కన్సీలరు, అంటే మచ్చలు కప్పే పూత, ఒంటిరంగు కన్నా ఒక షేడు మించి లేతదైతే బూడిదే.

చామంతి: 'మెత్తి' తీసుకున్నాను. పోయిన నెల 'కాటుక' పూరణలో తమరు మూడు పాదాల్లో నాలుగుసార్లు 'కన్ను' అన్నారు. అప్పుడు పునరుక్తి గుర్తు రాలేదా?

వక్రోక్తి: మూడే. అది ముక్కంటి మీద పద్యం. ఇదిగో నా పూరణ:
కంటిరెప్ప మీద కాంతులొల్కునటంచు
లేత యూద రంగు లేమ యద్దె
కలిగెనేమి తప్పు? కారణం బిప్పుడు
తెలుపు; పూయ మోము తెల్లబోయె.

నిర్వాహకుడు: 'తెలుపు'ను క్రియ చేసేశారే!

యతిమైత్రి: విరుపు భేష్. అడిగిన కారణమూ తెలుపే! లావెండర్, పిస్తా, బేబీ పింక్ పొడుల్లో రంగు తక్కువ, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి ఎక్కువ. నల్లని రెప్ప మీద ఆ తెలుపే విభూతిలా తేలుతుంది. ముందు ముదురు ఊదా పెన్సిలు పలచగా పరిచి, అది ఆరకముందే అదే రంగు పొడిని ఫ్లాట్ బ్రష్‌తో ఒత్తాలి. రుద్దితే కింది పూత లేచి మచ్చలు కడుతుంది. అంచులు ఇటుక రంగుతో కలపాలి. అలాగని తెలుపును వెలివేయకండి. నియాన్ పసుపుకు, చిలకపచ్చకు అడుగున తెల్ల పెన్సిలు ఉంటేనే వెలుగు. అది పై రంగు అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపలే ఆగాలి, బయటపడితే బూడిద గీతే.

వక్రోక్తి: నా పద్యంలో నియాన్ లేదు కదండీ.

కొత్తకలం:
చామనైన పెదవి చాయకు తగునట్టి
లిప్‌స్టిక్కు మాని లేతదలద
పెదవి చుట్టు నలుపు పెచ్చుగా కనిపించ
తెలుపు పూయ మోము తెల్లబోయె.

యతిమైత్రి: యతి కుదిరింది, గణం జారింది. 'లిప్‌స్టిక్కు' తగణం (రెండు గురువులు, ఒక లఘువు), సూర్యగణం (గురులఘువులు లేదా మూడు లఘువులు) చోట ఇమడదు. 'రంగు మాని లేత రంగు పులుమ' అంటే సరి. లేత రంగే కావాలనుకుంటే మెరూన్ లైనరుతో అంచు గీసి, లోపలికి వేలితో చెరిపి, నడిమికే లేతది వేయాలి. పైపెదవి నల్లగా, కిందిది గులాబీగా ఉంటే రాణీ రంగు రెండు రంగులుగా కనబడుతుంది. ముందు పెదవులంతా అదే రంగు లైనరుతో నింపాలి.

కొత్తకలం: సవరించాను. ధన్యవాదాలు.

నిర్వాహకుడు: ఫ్లాష్ సంగతి ఎవరూ ముట్టలేదే?

చామంతి: తెల్లటి సిలికా పొడి ఎక్కువైతే అద్దంలో తెలియదు, ఫ్లాష్ పడగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒంటిరంగు పొడి వాడి, బయల్దేరేముందు ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోవాలి. అన్నట్టు వక్రోక్తి గారూ, 'కారణం బిప్పుడు'లో 'ఇప్పుడు' గణం కోసమేగా? మీ పాత పూరణ కూడా తీసి చూశాను. కన్నులు నాలుగే. ముక్కంటికి ఒకటి ఎక్కువైంది.