పొత్తికడుపు నొప్పి తగ్గట్లేదు, స్కాన్‌లో ఏం లేదంటున్నారు, ఎవరికి చూపించాలి?

అందరికీ నమస్తే, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏడాది దాటింది నాకు పొత్తికడుపులో కుడివైపు నొప్పి, మొదట్లో నెలసరి ముందే వచ్చేది ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా ఉంటంది, కాసేపు కుట్టుమిషన్ తొక్కితే చాలు గజ్జల్లోంచి తొడ దాకా లాగేస్తాది, చేతులు కుట్టని జాకెట్లు సంచీలో అలాగే ఉన్నాయి, కుట్టమని ఇచ్చినోళ్ళేమో రోజూ ఫోన్లు. ఇక్కడ డాక్టరమ్మ స్కాన్ తీయించి అంతా నార్మలే, టెన్షన్ తగ్గించుకో అని గ్యాస్ బిళ్ళలు రాసేసింది. ఇంత నొప్పి పెట్టుకుని టెన్షన్ పడకుండా ఎలా ఉంటారండీ!

రాత్రి నిద్ర లేదు, పిల్లల మీద ఊరికే అరిచేస్తన్నాను, మా ఆయన దగ్గరకొస్తే భయం (అప్పుడు నొప్పి ఇంకా ఎక్కువ), అత్తమ్మేమో పని ఎగ్గొట్టడానికే అనుకుంటంది.

మా వదిన నర్సు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) అయితే మామూలు స్కాన్‌లో కనపడకపోవచ్చు, లాప్రోస్కోపీలో (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో చూడ్డం) తెలుస్తాది అంది. కటి కండరాలు (పొత్తికడుపు అడుగున ఉండేవి) బిగుసుకున్నా ఇలా ఉంటాదంట, దానికి ఫిజియోథెరపీ ఉందంట.

పెద్దాసుపత్రికి బరంపురం ఎంకేసీజీకి వెళ్ళాలా, వైజాగ్ కేజీహెచ్‌కా? ఒడియా మాట్లాడతాను గానీ ఈ బాధ ఆ భాషలో చెప్పుకోలేను. మా ఒడిశా ఆరోగ్య కార్డు వైజాగ్‌లో చెల్లుద్దా? ఈ ఫిజియోథెరపీ చేసే ఆడవాళ్ళు ఎవరైనా తెలుసా? గర్భసంచి తీయించెయ్ అని మాత్రం చెప్పకండి, మా పక్కింటామెకి తీసేసినా నొప్పి పోలేదు.