ల్యాప్‌టాప్ స్లో అయితే వెంటనే ఫార్మాట్ కొట్టించాలా, ముందు వైరస్ ఉందో లేదో చూడాలా?

గోపాలపట్నం_టీచర్:
అందరికీ నమస్కారం. ఇంటి దగ్గర టెన్త్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ప్రశ్నపత్రాలు, ఫీజుల పద్దు, ఆన్‌లైన్ క్లాసులు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో. పాతదే. విండోస్ 10, నాలుగు జీబీ ర్యామ్, లోపల ఉన్నది పాతరకం హార్డ్ డిస్కే, వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కాదు. ఈ మధ్య ఆన్ చేసి టీ పెట్టుకొచ్చినా డెస్క్‌టాప్ రావడం లేదు. పైగా స్క్రీన్ కింద మూలలో "మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఇక్కడ నొక్కండి" అని మాటిమాటికీ వస్తోంది. మా విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే, ఆన్ చేసి కూడా చూడకుండా "వైరస్ మేడమ్, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నారు. మా తమ్ముడేమో ముందు వైరస్ సంగతి తేలాకే ఎవరి చేతికైనా ఇవ్వమంటున్నాడు. ఎవరి మాట వినాలి? పిల్లల పేపర్లన్నీ పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. బ్యాంకు లాగిన్ కూడా ఇందులోనే చేస్తాను.

గాజువాక_సర్వీస్:
మేడమ్, నేను ఈ పనిలోనే ఉన్నాను. షాపువాళ్లు చూడకుండా చెప్పడం పద్ధతి కాదు కానీ, చెప్పిన మాట తప్పు కాదు. వైరస్ ఒకసారి లోపలికొచ్చాక యాంటీవైరస్ ఒకటి తీస్తుంది, పక్కనే ఇంకోటి ఉండిపోతుంది. స్కాన్‌లో ఏమీ లేదని వచ్చినా పూర్తిగా పోయిందని ఎవరు హామీ ఇస్తారు? పాత హార్డ్ డిస్క్ మీద ఫుల్ స్కాన్ పెడితే సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటుంది. అదే ఫైళ్లు పక్కకు తీసి ఫార్మాట్ చేస్తే ఒక పూటలో కొత్త మెషీన్‌లా ఉంటుంది. పగలంతా స్కాన్ చేసి, చివరికి ఫార్మాటే చేస్తే రెండు పనుల ఖర్చు పడేది మీ మీదే.

రుషికొండ_నైట్‌షిఫ్ట్:
కంపెనీల కంప్యూటర్లలో ఏదైనా తేడా కనిపిస్తే పట్టుకోవడం నా ఉద్యోగం. సర్వీస్ అన్న చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఇన్ఫెక్షన్ నిజంగా ఉందని తేలిన మెషీన్‌ని మళ్లీ నమ్మాలంటే శుభ్రంగా ఇన్‌స్టాల్ చేయడమే గట్టి దారి. కానీ ఉందని ఎలా తేలింది? స్లోగా ఉందని మాత్రమే కదా!

ఈ రోజుల్లో నిజంగా నష్టం చేసేవి చాలావరకు కంప్యూటర్‌ని స్లో చేయవు. రెడ్‌లైన్, లుమ్మా లాంటి దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మనం లాగిన్ అయ్యామని సైట్లు గుర్తుపెట్టుకునే ఫైళ్లు) మూటగట్టి పంపించేస్తాయి. మనిషికి తేడా తెలియనే తెలియదు. 2017 మేలో వచ్చిన వానాక్రై అనే వైరస్ మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. అది మెల్లగా సతాయించే రకం కాదు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అందుకే స్లో అవడాన్ని వైరస్‌కి సాక్ష్యంగా తీసుకోవద్దు. స్పీడుగా ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు కూడా.

మేడమ్, ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ప్రోగ్రామూ తెరవకుండా కాసేపు వదిలేసి సీపీయూ (ప్రాసెసర్), మెమరీ, డిస్క్ గడులు చూడండి. డిస్క్ ఒక్కటే 100 శాతం దగ్గర ఆగిపోయి, సీపీయూ ఖాళీగా ఉంటే అనుమానం ముందు హార్డ్ డిస్క్ మీదకు వెళ్లాలి. మీరేమీ చేయకపోయినా సీపీయూ ఎత్తులోనే ఉండి ఫ్యాన్ అరుస్తుంటే, పేరు తెలియని ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి దాని ఫైల్ ఎక్కడుందో చూడండి. "యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అని కనిపిస్తే భయపడొద్దు, అది విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, డిఫెండరే. దాన్నే వైరస్ అనుకుని తీసేయడానికి తంటాలు పడేవాళ్లను చూశాను.

ఆ మూలలో వచ్చే బెదిరింపు చాలాసార్లు వైరసే కాదు. ఏదో సైట్‌లో "అలో" నొక్కి ఉంటారు, అది క్రోమ్ నోటిఫికేషన్. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల దగ్గరకు వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయండి. అందులో ఫోన్ నంబర్ ఉంటే మాత్రం చేయకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు.

వన్‌టౌన్_వాసి:
వైరస్ గొడవలో పడి దుమ్ము సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. మా వైపు పోర్టు బొగ్గు పొడి కిటికీ మూసినా లోపలికి వస్తుంది, దానికి సముద్రపు తేమ తోడు. ఫ్యాన్ రెక్కల్లో అది పేరుకుంటే వేడి బయటికి పోదు. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఫార్మాట్ కొట్టించినా మర్నాటికి మళ్లీ అంతే. విప్పి శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పేస్టు మార్చాక దారికొచ్చింది. గోపాలపట్నంలో మా అంత దుమ్ము ఉండదేమో, అయినా గాలి వెళ్లే జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి మేడమ్.

మద్దిలపాలెం_ఎంసీఏ:
నైట్‌షిఫ్ట్ అన్నా, టాస్క్ మేనేజర్‌ని అంతగా నమ్మొద్దు. దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసేవాటిలో (మన కంప్యూటర్‌ని వాడుకుని వేరేవాళ్లకు క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రాముల్లో) కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోతాయి, మూసేశాక మళ్లీ మొదలవుతాయి. చూసిన మనిషి "అంతా బాగానే ఉంది" అనుకుంటాడు. ఇంకోటి, మేడమ్ పేపర్లు ప్రింట్ తీయించేది జెరాక్స్ షాపులోనే కదా? మా క్యాంపస్ చుట్టుపక్కల జెరాక్స్ షాపుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కూర్చునేవి. ఆ షార్ట్‌కట్ నొక్కితేనే వైరస్ మన మెషీన్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి మేడమ్ విషయంలో వైరస్ లేదని అంత తొందరగా తీర్పు చెప్పలేం.

రుషికొండ_నైట్‌షిఫ్ట్:
తమ్ముడూ, సరైన మాట. అందుకే టాస్క్ మేనేజర్ మొదటి మెట్టు మాత్రమే. తర్వాత మెట్టు డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ విభాగంలో స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్తే కింద కనిపిస్తుంది. విండోస్ పూర్తిగా లేవకముందే అది పని చేస్తుంది కాబట్టి దాక్కునే వాటికి చోటు తక్కువ. మామూలుగా ఓ పావుగంట, పాత డిస్క్ అయితే ఇంకాస్త. సాయంత్రం దాకా కూర్చోనక్కర్లేదు.

అక్కడే "ఎక్స్‌క్లూజన్స్" అని ఇంకో చోటుంది, చాలామంది అసలు తెరవరు. ఏ ఫోల్డర్‌ని స్కాన్ చేయకూడదో డిఫెండర్‌కి చెప్పే జాబితా అది. మీరు పెట్టకుండా అందులో ఏదైనా ఉంటే, ఎవరో కావాలని దాని కళ్లు కట్టినట్టే. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్‌వాళ్లదే ఆటోరన్స్ ఉంది. కంప్యూటర్‌తో పాటు మొదలయ్యేవన్నీ చూపిస్తుంది, అనుమానం ఉన్నవాటిని వైరస్‌టోటల్‌తో (ఒకే ఫైల్‌ని చాలా యాంటీవైరస్‌లతో చూసే సైట్) సరిచూడొచ్చు. మన ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచితంగా శుభ్రం చేసే టూల్స్ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపొద్దు. దానివల్లే స్లో అయ్యే మెషీన్లు ఉన్నాయి.

గాజువాక_సర్వీస్:
తమ్ముడూ, నువ్వు చెప్పేవన్నీ ఆఫీసులో జీతం తీసుకుని చేసే పనులు. ఆటోరన్స్ తెరిచి తెలియని డ్రైవర్‌కి టిక్ తీసేసి, విండోస్ లేవకుండా చేసుకుని మా దగ్గరికొచ్చిన వాళ్లున్నారు. ఇంట్లో అక్కలకు, పెద్దవాళ్లకు ఇది చెప్పడం మేలా, కీడా? చేతకానివాళ్లకి ఫార్మాటే సేఫ్ అని నేను అనేది అందుకే. సోమరితనం కాదు.

రుషికొండ_నైట్‌షిఫ్ట్:
ఆటోరన్స్ విషయంలో మీ మాటే సరైనది అన్నా. మేడమ్, అది చూడండి కానీ ఏదీ తీయకండి. స్కాన్, ఎక్స్‌క్లూజన్స్, నోటిఫికేషన్లు మాత్రం ఎవరైనా చూసుకోగలిగినవే. కారణం తెలియకుండా ఫార్మాట్ చేస్తే అదే కారణం మళ్లీ వస్తుంది. చాలాచోట్ల సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తారు, డి డ్రైవ్‌లో పాత సెటప్ ఫైళ్లు అలాగే ఉంటాయి. తర్వాత దొంగ ఆక్టివేటర్‌తో, అంటే లైసెన్స్ కొనకుండానే విండోస్‌ని నడిపించే టూల్‌తో, విండోస్ వేస్తారు. యాంటీవైరస్ ఆపితే గానీ అలాంటి ఆక్టివేటర్లు చాలావరకు పని చేయవు. శుభ్రం చేసిన ఇంట్లోకి మనమే తలుపు తీసి పిలిచినట్టు కాదా అది?

గోపాలపట్నం_టీచర్:
అందరూ ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థాంక్స్. తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఏమీ తెరవకపోయినా డిస్క్ 100 దగ్గరే ఉంది, సీపీయూ పెద్దగా లేదు. క్రోమ్‌లో నోటిఫికేషన్లు తీసేశాక ఆ బెదిరింపులు రాలేదు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని తమ్ముడు ఒకటి పెట్టాడు, అందులో హార్డ్ డిస్క్ పేరు పక్కన పసుపు రంగులో "కాషన్" అని ఉంది. పెండింగ్ సెక్టార్లు ఉన్నాయట. ఆఫ్‌లైన్ స్కాన్‌లో మాత్రం "హ్యాక్‌టూల్, ఆటో కేఎంఎస్" అని ఒకటి దొరికింది. ఎక్స్‌క్లూజన్స్‌లో సి డ్రైవ్ మొత్తం ఉంది! నేనైతే పెట్టలేదు. కిందటిసారి ఒక షాపులో విండోస్ వేయించాను, అప్పుడే పెట్టి ఉంటారు. ఇప్పుడు వైరస్ ఉన్నట్టా, లేనట్టా?

గాజువాక_సర్వీస్:
మేడమ్, పెండింగ్ సెక్టార్లంటే డిస్క్‌లో ఆ చోట్లు చదవలేకపోతోందని అర్థం. స్లో అవడానికి కారణం అదే. ఈ డిస్క్ మీద ఫార్మాట్ నేనూ చేయను. ఫుల్ స్కాన్ కూడా పెట్టొద్దు, మూల మూలా తిరిగితే ఉన్న ప్రాణం కూడా పోతుంది. ముందు ఫైళ్లు బయటికి తీయాలి. డి డ్రైవ్‌లో దాచినా లాభం లేదు, అదీ ఈ డిస్క్‌లోని ముక్కే. హ్యాక్‌టూల్ అంటే ఆక్టివేటర్. దాన్ని వైరస్ అనలేం, మార్కెట్‌లో సగం మెషీన్లలో ఉంటుంది.

రుషికొండ_నైట్‌షిఫ్ట్:
అన్నా, దాన్ని అంత తేలిగ్గా తీసుకోలేను. ఆక్టివేటర్ పేరుతో తిరిగే ఫైళ్లలో పాస్‌వర్డ్ దొంగలు కలిసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కేఎంఎస్‌పికో అనే ఆక్టివేటర్ పేరుతో క్రిప్ట్‌బాట్ అనే పాస్‌వర్డ్ దొంగని ఎక్కించినట్టు 2021లోనే బయటపడింది. మేడమ్ మెషీన్‌లో అది వచ్చిందని అనడం లేదు. కానీ సి డ్రైవ్ మొత్తం మినహాయించారంటే ఇన్నాళ్లూ ఏం వచ్చి ఏం వెళ్లిందో డిఫెండర్‌కే తెలియదు. ఆ లైన్ తీసేయండి మేడమ్. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఈ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్‌లో మార్చండి. మెయిల్‌లో "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" కూడా చేయండి, లేకపోతే దొంగిలించిన కుకీలు పని చేస్తూనే ఉండొచ్చు. ఖాతాలో తెలియని లావాదేవీ కనిపిస్తే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ అప్పటికప్పుడే ఫోన్ చేయండి.

మద్దిలపాలెం_ఎంసీఏ:
విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్‌లు. ఈ పాడైన డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేసే ముందు ఈ మెషీన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూసుకోండి మేడమ్. ర్యామ్ కూడా ఎనిమిది చేస్తే క్లాసులప్పుడు హాయిగా ఉంటుంది.

గాజువాక_సర్వీస్:
వైరస్ పట్టిన మెషీన్ వస్తే ఫార్మాటే చేస్తాను, ఆ మాట మీదే ఉన్నాను. ఈ కేసు వేరు. మేడమ్, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అసలు విండోస్‌తోనే వచ్చి ఉంటే, విండోస్ 8 దగ్గర్నుంచి వచ్చిన మెషీన్లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టాలర్‌ని ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అదే ఎడిషన్ వేస్తే చాలావరకు తనంతట తానే ఆక్టివేట్ అవుతుంది, ఆక్టివేటర్‌తో పని లేదు. ఏ షాపులో చేయించినా ఈ మాట ముందే అడగండి. పాత డిస్క్ నుంచి పేపర్లు, ఫొటోలు, ఎక్సెల్ ఫైళ్లు మాత్రమే తీసుకోండి, సెటప్ ఫైళ్లు ఒక్కటి కూడా వద్దు. ముందు పిల్లల పేపర్లు, ఫీజుల పద్దు, తర్వాతే మిగతావి. కాపీ అవుతుండగా డిస్క్‌లోంచి టకటకమని శబ్దం వస్తే అక్కడితో ఆపేసి, మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వండి.