కాలనీ పార్కుకి టికెట్టు పెట్టాలా, వద్దా?

నల్లకుంట వాకర్:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. మా కాలనీ పార్కు రెండెకరాలకి కాస్త తక్కువ ఉంటుంది. మొన్న సంఘం మీటింగులో ఒక ప్రతిపాదన పెట్టారు. కార్పొరేషన్ నుంచి మెయింటెనెన్స్ డబ్బులు సరిగ్గా రావడం లేదు కాబట్టి పార్కుని సంఘమే దత్తత తీసుకుంటుందట. మనిషికి 10 రూపాయల టికెట్టు, రోజూ వచ్చేవాళ్లకి ఏడాదికి 500 రూపాయల పాసు. చేతులెత్తమంటే సగం మందికి పైగా ఎత్తారు. నేను ఎత్తలేదు.

ఆ జాగా ఎవరి దయాదాక్షిణ్యాల మీదా రాలేదు. లేఅవుట్ వేసినప్పుడు అందరి కోసమని వదిలిన స్థలం అది. ప్లాటు కొన్న ప్రతి ఒక్కరూ దాని ఖరీదు కూడా కలిపే కట్టారు. ఏటా ఆస్తి పన్ను కడుతూనే ఉన్నాం. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలు చూసుకోవాల్సిన పనుల జాబితా ఉంది, అందులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని స్పష్టంగా రాసి ఉంది. మరి మళ్లీ గేటు దగ్గర డబ్బులేంటి? మీ ఊళ్లలో ఎలా ఉందో చెప్పండి. ఆదివారం మళ్లీ మీటింగు ఉంది.

పాసు తీసుకున్నవాణ్ణి:
నాదీ మీ కాలనీయే, నేను టికెట్టు వైపే. కేబీఆర్ పార్కుకి ఏళ్ల తరబడి వార్షిక పాసు మీద వెళ్తున్నాను. పాసు రెన్యువల్ మర్చిపోతే కంగారు పడే జనం ఉన్నారక్కడ. డబ్బు కట్టినవాడు చెత్త వేయడానికి వెనకాడతాడు, ఇంకొకడు వేస్తే అడుగుతాడు. మన కాలనీలోదీ పార్కే, పైసా టికెట్టు లేదు. ఉయ్యాల గొలుసులు తెగి రెండేళ్లయింది. సాయంత్రం ఏడు దాటితే వెనక మూల లైట్లు వెలగవు, అక్కడ సీసాలు తేలతాయి. మా ఇంట్లో ఆడవాళ్లు అటు వెళ్లడం మానేశారు. ఊరికే ఉంది కాబట్టి అందరిదీ అంటున్నారు, కానీ ఆ పార్కు ఇప్పుడు సగం మందికి లేనట్టే కదా సార్? గేటు దగ్గర ఒక మనిషి కూర్చుంటే చాలు, సగం సమస్య తీరుతుంది.

నల్లకుంట వాకర్:
వాచ్‌మన్ కావాలని నేనూ అంటున్నాను. కేబీఆర్‌తో పోలిక మాత్రం కుదరదండీ. అది అటవీ శాఖ చేతిలో ఉన్న నేషనల్ పార్కు. నెమళ్లు తిరిగే అడవి అది, లోపలికి ఎంతమంది వెళ్తున్నారో లెక్క ఉండాలి. మా పార్కులో ఉన్నవి నాలుగు వేపచెట్లు, రెండు కానుగలు, ఒక జారుడుబల్ల.

గ్రూప్స్ 2 అభ్యర్థి:
అన్నా, నేను అశోక్‌నగర్‌లో ఉంటా. రూములో నలుగురం. మంచానికీ మంచానికీ మధ్య అడుగు పెట్టే సందు ఉండదు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే పోవాలి. దొరకని రోజు పార్కులో చెట్టు కిందే చదువుకునేది. రోజుకి 10 అంటే నెలకి 300. అది మాకు కొన్ని పూటల మెస్ బిల్లు. 500 పాసు చవకే కదా అంటారు. ఒక్కసారిగా 500 తీసి కట్టేవాడికి చవక.

ఇంకో మాట. చాలా పార్కులు పొద్దున పదింటికి గేటు మూసి సాయంత్రం నాలుగింటికి తెరుస్తున్నారు. వాచ్‌మన్ జీతం మిగులుతుందని. ఎండలో నీడ కావాల్సింది ఆ టైములోనే. ఇళ్లల్లో పనిచేసే అక్కలు రెండిళ్ల పని మధ్యలో టిఫిన్ బాక్సు పట్టుకుని మూసిన గేటు బయట, ఫుట్‌పాత్ మీద కూర్చుని తింటారు. మీటింగులో చేతులెత్తినవాళ్లలో వాళ్లెవరైనా ఉన్నారా?

బోరుబావి:
నేను వేరే ఊళ్లో మున్సిపాలిటీలో పార్కుల పని చూసి రిటైరయ్యాను. ముందు టికెట్టు లెక్క వేద్దాం.

రెండు గేట్లు, రెండు షిఫ్టులు. నలుగురు మనుషులు కావాలి. తలకి 15,000 అనుకుంటే నెలకి 60,000. అది రావాలంటే రోజుకి 200 మంది చొప్పున ముప్ఫై రోజులూ 10 రూపాయల టికెట్టు కొనాలి. రోజూ వచ్చేవాళ్లు ఎలాగూ పాసు తీసుకుంటారు. 500 పాసంటే రోజుకి రూపాయిన్నర కూడా పడదు. రెండెకరాల పార్కులో వసూలైన డబ్బు వసూలు చేసినవాళ్ల జీతాలకే సరిపోతుంది. మొక్కకి నీళ్లు పోసే మాలి జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? లుంబినీ పార్కు లాంటి చోట టూరిస్టులు వస్తారు, అక్కడ టికెట్టు గిట్టుబాటవుతుంది. కాలనీలో గిట్టదు.

అసలు ఖర్చు ఎక్కడ పోతోందో చూడండి. మొదటిది లాన్. ప్రారంభోత్సవం ఫోటోల్లో పచ్చగా కనిపించాలని పరిచేస్తారు. ఎకరం అంటే 4,000 చదరపు మీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో చదరపు మీటరుకి రోజుకి 5 లీటర్లు వేసుకున్నా 20,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు, ప్రతిరోజూ. ఏప్రిల్లో బోరు ఎండిందంటే బడ్జెట్ అంతా ఆ గడ్డి తాగేస్తుంది, జూన్ నాటికి అదీ చస్తుంది. మళ్లీ కొత్త లాన్‌కి టెండరు. అదే జాగాలో పొగడ, కానుగ, నేరేడు పెట్టి మొదటి మూడేళ్లు నీళ్లు పోస్తే చాలు, తర్వాత చాలావరకు వాటి బతుకు అవి బతుకుతాయి. పిల్లలు ఆడుకోవడానికి ఒక మూల గడ్డి ఉంచండి. మొత్తం పరచకండి.

రెండోది ఆకు. పొద్దున్నే మాలి రాలిన ఆకంతా ఊడ్చి సంచుల్లో కుక్కి లారీ ఎక్కిస్తాడు, ఆ లారీకి మనం డబ్బు కడతాం. మరుసటి నెల ఎరువు బస్తాలు కొని తెస్తాం, దానికీ కడతాం. మా దగ్గర ఒక పార్కులో వెనక గోడ పక్కన ఇటుకలతో గాలి సందులు వదిలి తొట్టి కట్టించాను. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఆకు ఒక వరస, పైన పేడనీళ్లు, మళ్లీ ఆకు. తడి ఆరకుండా చూస్తూ నెలకోసారి తిరగేస్తే నాలుగు నెలల్లో నల్లగా, పొడిపొడిగా దిగింది. ఆ పార్కుకి మళ్లీ ఎరువు కొనలేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. కట్టడానికి డబ్బులుంటాయి, నడపడానికి ఉండవు. ఫౌంటెన్‌కి నిధులొస్తాయి, దాని మోటారు కాలితే రీవైండింగ్‌కి రావు. ఓపెన్ జిమ్ పెట్టినవాళ్లు బేరింగ్‌కి గ్రీజు పెట్టడానికి ఎవరికీ పని అప్పజెప్పరు. తెలంగాణ 2019 పురపాలక చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని ఉంది. ఆ డబ్బులో కొత్తగా నాటడానికి ఎంత, నాటినదాన్ని బతికించడానికి ఎంత అని మీ వార్డులో అడిగారా? మొక్క నాటినందుకు బిల్లవుతుంది. మూడో ఏడు అది బతికి ఉందో లేదో చూసి బిల్లిస్తే సగం పార్కులు ఇలా ఉండేవి కావు.

పాసు తీసుకున్నవాణ్ణి:
బోరుబావి గారూ, మీ లెక్క కాదనను. కానీ చెట్లు పెరిగి నీడనిచ్చేసరికి మా పిల్లలు కాలేజీకి వెళ్లిపోతారు. వెనక మూల లైట్లు రేపు వెలగాలంటే ఏం చేయాలి? కార్పొరేషన్‌కి అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాం. మా చేతిలో ఉన్న దారి చందా ఒక్కటే. దానికి టికెట్టని పేరు పెట్టారు, అంతే.

నల్లకుంట వాకర్:
చందా వేరు, టికెట్టు వేరు కదా సార్. చందా ఇవ్వగలిగినవాడు ఇస్తాడు, ఇవ్వలేనివాడూ లోపలికొస్తాడు. లైట్ల కోసం చందా అంటే 500 కాదు, 2,000 ఇస్తాను. గేటు దగ్గర ఆపుతామంటే మాత్రం రూపాయి ఇవ్వను.

మారతహళ్లి:
బెంగళూరు సంగతి చెప్తాను. లాల్‌బాగ్‌కి టికెట్టుంది, కానీ పొద్దున నడకకి వచ్చేవాళ్లకి కొన్ని గంటలు ఉచితం. రిపబ్లిక్ డేకి, ఇండిపెండెన్స్ డేకి ఫ్లవర్ షో పెడతారు. జనం విరగబడతారు, టికెట్టు డబ్బు అప్పుడొస్తుంది. కబ్బన్ పార్కుకి అసలు టికెట్టే లేదు. రెండు చోట్లా మురుగునీటిని శుద్ధి చేసి చెట్లకి వాడుతున్నారు. హైదరాబాద్‌లో శుద్ధి కేంద్రాలకి కొదవ లేదు కదా, ఆ నీళ్లు ట్యాంకర్లలో పార్కులకి మళ్లిస్తే సరిపోదా? చిన్న పార్కుకి సొంత ప్లాంటు పెట్టుకోవడం దండగ.

ఎడిసన్ నుంచి:
ఇక్కడ అమెరికాలో అందరూ న్యూయార్క్ సెంట్రల్ పార్కుని గొప్పగా చెప్తారు కాబట్టి ఆ కథ ఇటువైపూ అటువైపూ చెప్పాలి. 1975లో న్యూయార్క్ నగరం దివాళా అంచుకి వెళ్లింది. పార్కులో గడ్డి పోయి మట్టి తేలింది, చీకటి పడితే జనం భయపడేవారు. 1980లో పౌరులు కన్జర్వెన్సీ అని ఒక సంస్థ పెట్టి విరాళాలు పోగుచేశారు. ఇప్పుడు ఆ 843 ఎకరాల నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం వాళ్లే తెస్తున్నారు. ప్రవేశం ఇప్పటికీ ఉచితమే. వాళ్లు చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది పార్కుని జోన్లుగా విడగొట్టి ఒక్కో జోన్‌ని ఒక్కో తోటమాలికి అప్పగించడం. ఎక్కడ బెంచీ విరిగినా ఎవరిని అడగాలో తెలుస్తుంది. దీనికి కోట్లేం అక్కర్లేదు.

ఇక రెండో వైపు. 2012లో ఒకే ఒక్క దాత ఆ పార్కుకి 10 కోట్ల డాలర్లు ఇచ్చాడు. చుట్టూ కోటీశ్వరుల ఇళ్లున్న పార్కుకి విరాళాలు వస్తాయి. అదే నగరంలోని బ్రాంక్స్‌లో పేదల వాడ పక్కనున్న చిన్న పార్కుకి ఎవరిస్తారు? చివరికి 2014లో నగరమే 13 కోట్ల డాలర్లు తీసి, ఏళ్లుగా పట్టించుకోని 35 చిన్న పార్కుల మీద పెట్టాల్సి వచ్చింది. మీ సంఘానికి స్తోమత ఉంది కాబట్టి మీ పార్కు బాగుపడుతుంది. పక్క బస్తీ పార్కు సంగతేంటి? కాలనీలన్నీ ఎవరి పార్కు వాళ్లు చూసుకుంటే కార్పొరేషన్‌ని అడిగేవాళ్లే ఉండరు.

వర్లీ తెలుగువాడు:
దత్తత అనే మాట విని రాస్తున్నాను. ముంబైలో ఖాళీ మైదానాలు, పార్కులు నడపమని సంస్థలకి ఇచ్చారు. నిర్వహించినందుకు బదులుగా కొంత భాగంలో కట్టుకోవచ్చన్నారు. కొన్నిచోట్ల అవి సభ్యత్వం ఉన్నవాళ్లకే తలుపు తీసే క్లబ్బులైపోయాయి. 2016 జనవరిలో నగరపాలిక మళ్లీ కొత్త దత్తత విధానం ఆమోదిస్తే జనం గొడవ చేశారు, ముఖ్యమంత్రి ఫడ్నవీస్ దాన్ని నిలిపేశారు. మీ సంఘం మంచిదే కావచ్చు. పదేళ్ల తర్వాత కమిటీలో ఎవరుంటారో మీకు తెలుసా? కాగితం మీద ఏం రాసుకుంటున్నారో చూసుకోండి.

మారతహళ్లి:
అవును, బెంగళూరులోనే ఇంకో కేసుంది. పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు కాపాడమని అడిగే హక్కు అక్కడుండే జనానికి ఉందని కూడా చెప్పింది. మీ సంఘంవాళ్లకి ఆ తీర్పు చదివి వినిపించండి.

గ్రూప్స్ 2 అభ్యర్థి:
డబ్బు కావాలంటే పార్కులో డబ్బు సంపాదించుకునేవాళ్ల దగ్గర తీసుకోవచ్చు కదా. పొద్దున నెల ఫీజు తీసుకుని యోగా, జుంబా క్లాసులు నడిపేవాళ్లు, పెళ్లి షూటింగులకి వచ్చే ఫోటోగ్రాఫర్లు, స్కేటింగ్ కోచింగువాళ్లు. వాళ్లకి గంటకింత అని కట్టండి. బెంచీ మీద కూర్చునేవాణ్ణి వదిలేయండి.

బోరుబావి:
తమ్ముడు చెప్పింది సరైన మాట. గంటల అద్దెకి రసీదు పుస్తకం ఒకటి చాలు, గేటుకి మనిషి అక్కర్లేదు.

నల్లకుంట వాకర్ గారూ, ఆదివారం మీటింగుకి పోయేముందు సమాచార హక్కు కింద మీ పార్కు మెయింటెనెన్స్ వర్క్ ఆర్డరు కాపీ అడగండి. అసలు కాంట్రాక్టు ఉందో లేదో, ఉంటే ఎంతమంది మాలీల పేరున బిల్లవుతోందో అందులో తేలుతుంది. అది చేతికి రావడానికి నెల పట్టొచ్చు, కాబట్టి అప్పటిదాకా తీర్మానం వాయిదా వేయమనండి. లైట్లకి మాత్రం వాయిదా వద్దు, ఆ మూల చందా వేసుకుని ఈ వారమే పెట్టించండి.

దత్తత ఒప్పందం తప్పదంటే మూడు మాటలు రాయించండి. ప్రవేశం అందరికీ ఉచితం. కొత్త కట్టడం, సంఘం ఆఫీసు గదైనా సరే, ఒక్కటీ ఉండకూడదు. గడువు రెండేళ్లు, ఆ తర్వాత కార్పొరేషన్ వచ్చి చూసి పొడిగించాలి. గేటు వేళలు కూడా అందులోనే రాయండి, మధ్యాహ్నం మూయకుండా.

పాసు తీసుకున్నవాణ్ణి:
లైట్ల చందాకి నా పేరు రాసుకోండి. మధ్యాహ్నం తెరిచి ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు, ఆ పూటకి వాచ్‌మన్ ఉంటేనే. టికెట్టు మీద మాత్రం నా ఓటు మారదు.

నల్లకుంట వాకర్:
అర్జీ ఈ రాత్రే రాస్తాను. వర్క్ ఆర్డరు కాపీ రాగానే ఇక్కడ పెడతా, బోరుబావి గారు ఒకసారి చూసి పెట్టాలి.